దింపు సొమ్ము పోయింది, డివిడెండ్ ఆ లోటు తీరుస్తుందా?

కోనసీమ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 61. పెళ్లప్పుడు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన 40 సెంట్ల కొబ్బరితోటను నిరుడు అమ్మేశారు. కాయలు కోసి దింపు తీసే మనుషులు దొరకడం లేదు, తోట ఇంటికి దూరం, కాపలా లేదు. రూ.22 లక్షలు చేతికొచ్చాయి. మనవరాలి ఓణీల వేడుకకు రెండు లక్షలు పోగా మిగిలిన 20 లక్షలు ఎనిమిది నెలలుగా సేవింగ్స్ ఖాతాలోనే పడి ఉన్నాయి.

భర్త ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పీఎఫ్ పింఛను నెలకు రూ.4,200. ఇల్లు సొంతం. కొడుకు పంపేది, పింఛను కలిపినా మందులకీ ఇంటికీ నెలకు ఇంకో ఎనిమిది వేలు కావాలి. తోట ఉన్నప్పుడు ఖర్చులు పోను ఏడాదికి 30 వేల దాకా వచ్చేది. ఇప్పుడదీ లేదు.

డబ్బు మొత్తం పోస్టాఫీసులో వేసెయ్యమని భర్త అంటున్నారు. రావులపాలెంలో పద్దెనిమిదేళ్లుగా బిస్కెట్లు, చిప్స్ ఏజెన్సీ నడుపుతున్న తమ్ముడి మాట వేరు: "నా గోడౌన్‌లో సరుకు నిలబడదక్కా. జనం కూర మానేసినా బిస్కెట్ మానరు. ఈ కంపెనీ షేర్లు కొని మర్చిపో, ఏటా డివిడెండ్ పడుతుంది." డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచే సొమ్ము. ఆరు శాతం డివిడెండ్ ఇచ్చే ఒక చిన్న స్నాక్స్ కంపెనీ పేరు కూడా చెప్పాడట. అక్కకి శ్రమ ఎందుకని షేర్లు తన డీమ్యాట్ ఖాతాలోనే, అంటే షేర్లు ఉంచే ఎలక్ట్రానిక్ ఖాతాలోనే, కొంటానంటున్నాడు. ఇంటికి డబ్బు పంపే పెద్దబ్బాయి ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువులు లీజుకు చేస్తున్నాడు. అతను మేత కంపెనీ షేర్లు కొనమంటున్నాడు. ఉత్తరం చివర రెండు ప్రశ్నలున్నాయి: "తినుబండారాల కంపెనీ మంచిదో కాదో నాలాంటిది ఎలా చూసుకోవాలి? తమ్ముణ్ణి నొప్పించకుండా ఏం చెయ్యాలి?"

రెండో ప్రశ్నతోనే మొదలుపెడతానండీ. మొదటిదాంట్లో తప్పు చేస్తే కొంత డబ్బు పోతుంది. రెండోదాంట్లో తప్పు చేస్తే డబ్బుతోపాటు పుట్టిల్లూ పోతుంది.

షేరు ఎవరి డీమ్యాట్ ఖాతాలో ఉంటే చట్టం దృష్టిలో వారిదే. డివిడెండ్ ఆ ఖాతాకు ముడిపెట్టిన బ్యాంకులోకే వెళుతుంది, దాని మీద పన్ను లెక్కా వారి పాన్ మీదే పడుతుంది. మీ తమ్ముడు ఎంత మంచివాడన్నది ఇక్కడ విషయం కాదు. ఏజెన్సీ అన్నాక బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు ఉంటుంది, కంపెనీకి కట్టాల్సిన బాకీ ఉంటుంది. రేపు వ్యాపారం తిరగబడితే అప్పులవాళ్లు అతని ఆస్తి కిందే ఈ షేర్లనూ లెక్కేస్తారు. అతనికి జరగరానిది జరిగితే అవి వెళ్లేది అతని నామినీకి, వారసులకి. ఇంకో చిక్కు కూడా ఉంది. సొమ్ము ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే బినామీ చట్టం అడ్డొస్తుంది. తోబుట్టువుల విషయంలో ఆ చట్టం సడలింపు ఇచ్చింది గానీ, పత్రంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడిగా ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. అతని ఒక్కడి పేరు మీద కొంటే ఆ రక్షణ దొరకదు.

కాబట్టి ఖాతా మీ పేరు మీదే తెరవండి. ఒక మనిషికి ఒకే డీమ్యాట్ ఉండి, అందులో విలువ రూ.4 లక్షల లోపుంటే బేసిక్ ఖాతాకు ఏటా కట్టే రుసుము ఉండదు. 4 నుంచి 10 లక్షల దాకా ఏడాదికి రూ.100. ఓటీపీ వచ్చే ఫోన్ మీ చేతిలోనే ఉండాలి. నామినీ పేరు రాయించండి. తమ్ముడికి చెప్పడానికి పెద్ద మాటలేం అక్కర్లేదు. "నాన్న ఇచ్చిందిరా, నా పేరు మీదే ఉండనీ. ఏది కొనాలో చూడ్డానికి నువ్వు రా" అంటే సరిపోతుంది. అతన్ని తోసెయ్యడం లేదు, పనిలోకే పిలుస్తున్నారు. అతని దగ్గర మీకు పనికొచ్చే సమాచారం నిజంగానే ఉంది. కాకపోతే అది అతననుకున్న సమాచారం కాదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు ఒక చిన్న లెక్క. ఇరవై రెండు లక్షల తోట మీద ఏటా 30 వేలంటే ఎంత? దాదాపు ఒకటిన్నర శాతం. పేరున్న ప్యాకెట్ ఫుడ్ కంపెనీల షేర్ల మీద వచ్చే డివిడెండ్ కూడా దాదాపు అంతే, ఒకటి నుంచి రెండు శాతం మధ్య. బ్రిటానియాను తీసుకోండి. 2024-25కి షేరుకు రూ.75 ఇచ్చింది. షేరు రూ.5,000 అనుకుంటే సరిగ్గా ఒకటిన్నర శాతం. అంటే మీ తమ్ముడి సలహా ప్రకారం 20 లక్షలూ అక్కడ పెడితే చేతికొచ్చేది మళ్లీ ఆ 30 వేలే, నెలకు రెండున్నర వేలు. మీకు కావలసింది ఎనిమిది వేలు. మీ తోట మీకిచ్చిన అసలు లాభం దింపులో రాలేదు, భూమి ధర పెరగడంలో వచ్చింది. ఈ షేర్ల స్వభావమూ అదే. ఇవాళ తిండికి సరిపోవు, రేపు పెరిగితే పెరుగుతాయి.

డివిడెండ్ ఏటా పెరుగుతుంది కదా, కొన్నాళ్లకు పోస్టాఫీసు వడ్డీని దాటుతుంది కదా అని తమ్ముడు అనొచ్చు. వేసి చూద్దాం. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో ఇటీవలి రేటు 8.2 శాతం. ఒకటిన్నర శాతం డివిడెండ్ ఏటా తప్పకుండా పది శాతం చొప్పున పెరుగుతూ పోయినా, మీరు పెట్టిన సొమ్ము మీద 8.2 శాతాన్ని అందుకోవడానికి 18 ఏళ్లు పడుతుంది. అప్పటికి మీకు 79. పైగా ఆ పది శాతం కూడా ఎవరూ రాసిచ్చింది కాదు. బ్రిటానియా డివిడెండే 2021-22లో రూ.56.50 నుంచి మరుసటేడు రూ.72కి ఎగిరింది. ఆ తర్వాత రూ.73.50, రూ.75. ఒక ఏడు గెంతు, రెండేళ్లు నత్తనడక. కంపెనీ చెడిపోయిందని కాదు. దాని తీరు అంతే.

అలాగని మీవారి మాట ప్రకారం మొత్తం పోస్టాఫీసులో వేసినా ఒక లోపం ఉంది. 20 లక్షలకు ఏడాదికి రూ.1,64,000 వస్తుంది. మొదట్లో మీ అవసరానికి మించే వస్తుంది. కానీ ఆ అంకె పెరగదు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పదేళ్ల తర్వాత ఆ 1,64,000 కొనగలిగేది ఇవాళ్టి 92 వేలతో వచ్చే సరుకునే. మందుల ఖర్చు మాత్రం వయసుతోపాటు పెరుగుతూనే ఉంటుంది.

ఈ రెంటి మధ్య దారి చూద్దాం. సీనియర్ సిటిజన్ స్కీములో పన్నెండున్నర లక్షలు వేస్తే ఏడాదికి రూ.1,02,500, అంటే మూడు నెలలకోసారి రూ.25,625. నెలకు ఎనిమిదిన్నర వేలు పడినట్టు. రేటు మీరు వేసిన రోజుదే ఐదేళ్ల దాకా కదలదు. రెండేళ్లలోపు మూసేస్తే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాత మూసేస్తే ఒక శాతం కోస్తారు. ఏడాది కూడా నిండకుండా తీస్తే వడ్డీయే ఉండదు. అందుకే రెండు లక్షలు దీంట్లో కలపకుండా బ్యాంకులో ఎఫ్‌డీగా, ఏ ఆసుపత్రి ఖర్చొచ్చినా తీసుకునేలా విడిగా ఉంచండి. ఇక మిగిలేది ఐదున్నర లక్షలు. షేర్ల మాట ఏమున్నా ఆ ఐదున్నర లక్షల గురించే. అది సగానికి పడిపోయినా మీ ఇంట్లో మందులు ఆగవు. షేర్లు ఓర్పుగా పట్టుకోవడానికి కావలసిన ధైర్యం ఆ భరోసాలోంచే వస్తుంది. ఇంత లెక్కా వద్దు, అంతా పోస్టాఫీసే అనుకుంటే అదేమీ తప్పు కాదు. వడ్డీలో మిగిలేదాన్ని ఖర్చు చెయ్యకుండా ఏటా మళ్లీ దాచుకోవాలి, అంతే. ఆ క్రమశిక్షణ మీ ఇంట్లో నిలుస్తుందా అన్నది మీకే తెలియాలి.

ఇక కంపెనీని చూడడం ఎలాగన్నది. తమ్ముడు గోడౌన్‌లోంచి చూసేది అమ్మకం. డివిడెండ్ అమ్మకంలోంచి రాదు, మిగిలిన నగదులోంచి వస్తుంది. ఈ రెంటికీ మధ్య పిండి, నూనె, కార్టన్, లారీ, ప్రకటన, జీతం, పన్ను, కొత్త ఫ్యాక్టరీ ఇన్ని ఉన్నాయి. సరుకు జోరుగా అమ్ముతూనే వాటాదారుకి చిల్లిగవ్వ మిగల్చని కంపెనీలు ఎన్నో.

స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లోగానీ కంపెనీ వెబ్‌సైట్లోగానీ వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. మూడు వందల పేజీలూ చదవక్కర్లేదు. అందులో నగదు ప్రవాహ పట్టిక, అంటే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఉంటుంది. మూడు భాగాలు. మొదటి భాగం చివర వ్యాపారం నుంచి వచ్చిన నికర నగదు ఉంటుంది. రెండో భాగంలో భవనాలు, యంత్రాల కొనుగోలుకు పెట్టిన సొమ్ము. మూడో భాగంలో చెల్లించిన డివిడెండ్. మొదటిదాంట్లోంచి యంత్రాల ఖర్చు తీసెయ్యండి. అద్దె ఒప్పందాల కింద కట్టినది మూడో భాగంలో కనిపిస్తే అదీ తీసెయ్యండి. మిగిలింది డివిడెండ్ కన్నా ఎక్కువ ఉండాలి. ఒక్క ఏడు చూస్తే మోసపోతాం. గోధుమలు ముందే కొని నిల్వ చేసిన ఏడు నగదు తక్కువగా, మరుసటేడు ఎక్కువగా కనిపిస్తుంది. ఐదేళ్లవి కూడి చూడండి.

ఒక ఊహా లెక్క. ఐదేళ్లలో లాభం 500 కోట్లని గొప్పగా చెప్పుకున్న కంపెనీ ఉంది. వ్యాపారంలోంచి వచ్చిన నగదు 310 కోట్లే. యంత్రాలకు 240 పోయాయి. మిగిలింది 70. డివిడెండ్ మాత్రం 200 కోట్లు పంచింది. ఆ 130 కోట్ల తేడా అప్పు తెచ్చి ఇచ్చిందే. లాభం 500 ఉండగా నగదు 310 ఎందుకైంది? సరుకు అరువుకి ఇచ్చి ఉంటుంది, లేదా గోడౌన్లలో పేరుకుని ఉంటుంది.

తమ్ముడు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. బలమైన కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ముందే డబ్బు తీసుకుని సరుకు పంపుతుంది, లేదా నాలుగు రోజుల గడువిస్తుంది. బలహీనమైనది నలభై ఐదు రోజుల అరువిచ్చి మరీ సరుకు దింపుతుంది. బ్యాలెన్స్ షీట్లో రావలసిన బాకీలను ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే ఆ రోజుల లెక్క వస్తుంది. మంచి బ్రాండున్న ఫుడ్ కంపెనీల్లో అది తరచు 15 రోజుల లోపే ఉంటుంది. ఏటేటా పెరుగుతుంటే అనుమానించాలి. తమ్ముణ్ణి ఇవి అడగండి: మార్చి నెలాఖరున టార్గెట్ కోసం నీ గోడౌన్‌లోకి ఎంత సరుకు తోస్తారు? డేటు దాటిన సరుకు వెనక్కి తీసుకుంటారా, నీ నెత్తినే వదిలేస్తారా? కంపెనీ ఇచ్చే ఆఫర్ లేకపోతే షాపువాడు ఆ ప్యాకెట్ అడుగుతాడా? పక్క కంపెనీ ఇంకో రూపాయి మార్జిన్ ఇస్తే షాపులో ముందు వరసలో ఎవరి ప్యాకెట్ వేలాడుతుంది? ఈ జవాబులు ఏ నివేదికలోనూ దొరకవు. హైదరాబాద్‌లో కూర్చున్న విశ్లేషకుడికి తెలియనివి రావులపాలెం గోడౌన్‌లో తెలుస్తాయి. కాకపోతే ఒక ఏజెన్సీకి కనిపించేది రెండు మండలాలు. కంపెనీ దేశమంతా అమ్ముతుంది.

తర్వాత చూడాల్సింది లాభంలో ఎంత వంతు పంచుతోందన్నది. దీన్ని పేఅవుట్ అంటారు. ఎక్కువ పంచేదే మంచిదనుకుంటాం. నెస్లే ఇండియా అనుభవం చూస్తే అది సగం నిజమేనని తెలుస్తుంది. 2015 జూన్‌లో ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వుతో మ్యాగీ నూడుల్స్ దేశమంతా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, నవంబర్‌లో మళ్లీ అమ్మకాలు మొదలయ్యాయి. ఆ ఒక్క ఏడాదిలో కంపెనీ లాభం రూ.1,185 కోట్ల నుంచి రూ.563 కోట్లకు పడిపోయింది, సగానికన్నా తక్కువ. డివిడెండ్ మాత్రం షేరుకు రూ.63 నుంచి రూ.48.50కే తగ్గింది. ఎలా సాధ్యమైంది? 2014లో లాభంలో దాదాపు సగమే పంచారు. అందుకే చెడ్డ ఏడు వచ్చినప్పుడు లాభంలో ఎనభై శాతం పైగా పంచి దెబ్బను సర్దుకోగలిగారు. అప్పటికే తొంభై అయిదు శాతం పంచుతూ ఉంటే వాటాదారుకూ సగమే వచ్చేది. కాబట్టి 50 నుంచి 70 శాతం పంచుతూ, అప్పు లేకుండా ఉన్న కంపెనీ డివిడెండ్ మీద నాకు ఎక్కువ నమ్మకం. తొంభై దాటి పంచేదాన్ని కొనొద్దని కాదు. అక్కడ డివిడెండ్ పెరగాలంటే లాభం పెరగడం తప్ప వేరే దారి లేదని తెలిసి కొనాలి.

ధర మాటకొస్తే, పేఅవుట్‌ను పీఈతో (షేరు ధర, ఒక్కో షేరుకు వచ్చే లాభానికి ఎన్ని రెట్లుందన్న అంకె) భాగిస్తే డివిడెండ్ శాతం వస్తుంది. లాభంలో 80 శాతం పంచే కంపెనీ పీఈ 60 ఉంటే 1.33 శాతం. అదే పీఈ 40కి దిగితే 2 శాతం. కంపెనీ అదే, బిస్కెట్ అదే, మీరు పెట్టిన ధరను బట్టి మీ ఆదాయం సగం మేర పెరిగింది. ఈ రంగంలో జనం చేసే పెద్ద తప్పు చెత్త కంపెనీని కొనడం కాదు. మంచి కంపెనీని ఎంత ధరకైనా కొనెయ్యడం. ఐదున్నర లక్షలూ ఒక్క రోజున పెట్టకండి. నాలుగు కంపెనీలు ఎంచుకుని ఎనిమిది త్రైమాసికాల్లో సమానంగా కొంటూ పొండి, విడతకు 69 వేల చొప్పున. మార్కెట్ పడ్డ రోజున మీకు సంతోషమే కలుగుతుంది.

ఇప్పుడు తమ్ముడు చెప్పిన ఆరు శాతం కంపెనీ. షేరు రూ.200 ఉన్నప్పుడు రూ.6 డివిడెండ్ ఇస్తే 3 శాతం. వ్యాపారం చెడి షేరు రూ.100కి పడితే పాత డివిడెండ్‌తో లెక్కేసిన వెబ్‌సైట్లో 6 శాతం కనిపిస్తుంది. డివిడెండ్ పెరగలేదు, ధర కూలింది. వచ్చే ఏడు డివిడెండ్ కూడా కోస్తారని మార్కెట్ ముందే అనుకుంటోంది. ఇంకో రకం కూడా ఉంది: ఒక్కసారి ఇచ్చే ప్రత్యేక డివిడెండ్. నెస్లే ఇండియా 2019లో కూడబెట్టిన లాభాల నుంచి షేరుకు రూ.180 అలా ఇచ్చింది. ఆ ఏటి అంకెను చూసి ఏటా అంతే వస్తుందనుకుంటే బోల్తా పడతాం. ఆ చిన్న కంపెనీకి పై నగదు లెక్క వేయండి. ప్రమోటర్లు, అంటే కంపెనీని చేతిలో పెట్టుకుని నడిపించే యజమానులు, తమ షేర్లు తాకట్టు పెట్టారేమో చూడండి, మూడు నెలలకోసారి వచ్చే వాటాల పట్టికలో ఉంటుంది. ప్రమోటర్ కుటుంబానికే చెందిన వేరే కంపెనీలకు అప్పులు, ప్యాకింగ్ కాంట్రాక్టులు వెళుతున్నాయేమో నివేదికలోని సంబంధిత పక్షాల లావాదేవీల పేజీలో చూడండి. పెద్దవాటిలోనూ ఇది చూడాలి. నెస్లే ఇండియా తన విదేశీ మాతృసంస్థకు బ్రాండు, పరిజ్ఞానం వాడుకున్నందుకు అమ్మకాల మీద 4.5 శాతం రాయల్టీ కడుతుంది. దాన్ని 5.25కి పెంచుతామంటే 2024లో వాటాదారులు ఓటేసి తిరగ్గొట్టారు. రాయల్టీ పెరిగితే ఆ మేరకు డివిడెండ్ తగ్గుతుంది మరి.

"ఈ కంపెనీ 7,500 శాతం డివిడెండ్ ఇచ్చింది" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. ఆ శాతం ముఖ విలువ మీద, అంటే షేరుకు కాగితం మీద రాసిన మూల విలువ మీద, మార్కెట్ ధర మీద కాదు. బ్రిటానియా షేరు ముఖ విలువ రూపాయి, రూ.75 ఇస్తే 7,500 శాతం అవుతుంది. మీరు పెట్టిన ధర మీద అది ఒకటిన్నరే. పాత డివిడెండ్లు పోల్చేటప్పుడు విభజనలు, బోనస్‌లు కూడా సరిచేసుకోవాలి. నెస్లే షేరు 2024 జనవరిలో పది ముక్కలైంది, 2025 ఆగస్టులో ఒక షేరుకు మరో షేరు ఉచితంగా, అంటే ఒకటికి ఒకటి బోనస్ వచ్చింది. 2014 నాటి రూ.63 ఇవాళ్టి షేరు లెక్కలో రూ.3.15. ఇది తెలియక డివిడెండ్ పడిపోయిందని బెంబేలెత్తినవాళ్లున్నారు.

ఏ ముడిసరుకు మీద కంపెనీ బతుకుతుందో కూడా చూడండి. బిస్కెట్, చిప్స్, నూడుల్స్ అన్నిటికీ పామాయిల్ కావాలి. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి పామాయిల్ మీద సున్నా ఉన్న మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం చేసింది, 2025 మే చివర మళ్లీ 10కి దించింది. ఈ మధ్యలో స్నాక్స్ కంపెనీల లాభాలు నలిగాయి. ఐదు రూపాయల ప్యాకెట్ ధర పెంచలేరు, గ్రాములు తగ్గిస్తారు. ఎంత తగ్గిస్తే జనం గమనిస్తారో, అప్పుడు ఏ బ్రాండుకి మారతారో తమ్ముడికి బాగా తెలుసు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఇదే తిరగబడింది. చిన్న ప్యాకెట్లలో గ్రాములు పెంచారు, కానీ పాత సరుకు కరిగేదాకా ఏజెన్సీలు కొత్త ఆర్డర్లు ఆపుకున్నాయి. అలాంటి ఒక్క త్రైమాసికం చూసి కొనడమూ అమ్మడమూ చెయ్యకూడదు.

మీ పెరట్లో ఇంకో పన్నెండు కొబ్బరిచెట్లు మిగిలాయని రాశారు. అంబాజీపేటలో ఎండుకొబ్బరి ధర ఎగిరితే మీకు పండగ, పారాచూట్ నూనె అమ్మే మారికోకి ఉపవాసం. 2024-25లో అదే జరిగింది, ప్యాకెట్ ధరలు పెంచినా దాని మార్జిన్ తగ్గింది. అలాంటి షేరు మీ దగ్గరుంటే ఒకటి తగ్గినప్పుడు ఇంకోటి కాస్త ఆదుకుంటుంది. పెద్దబ్బాయి చెప్పిన మేత కంపెనీ దీనికి పూర్తిగా ఎదురు. కొవ్వూరులో మేత ఫ్యాక్టరీ ఉన్న అవంతి ఫీడ్స్ లాంటివి మంచివా కాదా అన్నది పక్కన పెట్టండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర, మేత కంపెనీ షేరు రెండూ ఒకేసారి భయపడ్డాయి. వైరస్ వచ్చినా అంతే. చెరువు దెబ్బతిన్న ఏడే కొడుకు పంపే డబ్బూ తగ్గుతుంది, షేరూ తగ్గుతుంది. ఇంటికి ఒక్క చెరువు చాలు.

ఐటీసీని కూడా చాలామంది బిస్కెట్, పిండి కంపెనీ అనుకుని కొంటారు. 2024-25లో షేరుకు రూ.14.35 ఇచ్చింది, ఈ రంగంలో చెప్పుకోదగ్గ డివిడెండే. కానీ ఆ లాభంలో సింహభాగం సిగరెట్లది. నివేదికలో విభాగాలవారీ ఫలితాల పేజీ చూస్తే అర్థమవుతుంది. కొనాలో వద్దో మీ ఇష్టం, అయితే పొగాకు పన్ను పెరిగినప్పుడు ఆశ్చర్యపోకూడదు. నేను పేర్లు చెప్పిన కంపెనీలన్నీ ఉదాహరణలే. ఇది కొనండి అని కాదు.

డివిడెండ్ ప్రకటించాక, రికార్డు తేదీకి (ఆ రోజు షేరు ఎవరి పేరు మీదుంటే వారికే డివిడెండ్) రెండు రోజుల ముందు కొని, డబ్బు పడగానే అమ్మేద్దామని ఎవరైనా చెబితే వినకండి. రికార్డు తేదీ నాడు షేరు ధర డివిడెండ్ మేరకు తగ్గే తెరుచుకుంటుంది. పైన బ్రోకరేజీ, ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. ఏటి ఈతకు లంక మేతకు సరి. ఏడాది దాటాక అమ్మితే మొత్తం మీద రూ.1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం.

ఎప్పుడు అమ్మాలన్నది కూడా ముందే రాసిపెట్టుకోండి. ధర పడితే అమ్మడం కాదు. వరసగా రెండేళ్లు నగదు మిగులు డివిడెండ్‌కన్నా తక్కువైతే, అప్పు తెచ్చి వేరే వ్యాపారంలోకి దూకితే, ఆడిటర్ మధ్యలో తప్పుకుంటే అప్పుడు. ఈ పరీక్ష ఏడాదికి ఒకసారి, వార్షిక నివేదిక వచ్చాక, నాలుగు కంపెనీలకు కలిపి ఒక మధ్యాహ్నం పని. అది కూడా బరువనిపిస్తే ఐదున్నర లక్షలను నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, అంటే యాభై పెద్ద కంపెనీల షేర్లు కలిపి కొనే ఫండ్‌లో, పెట్టేయండి. డివిడెండ్ విడిగా చేతికి రాదు, కావలసినప్పుడు కొంచెం కొంచెంగా అమ్ముకోవాలి. నివేదికలు తిరగెయ్యడం ఇష్టం లేనివాళ్లకు అదే మేలని నా అభిప్రాయం.

కాగితాల పని కొంత ఉంది. తోట అమ్మకం మీద పన్ను పడుతుందో లేదో ముందు ఆడిటర్‌తో తేల్చుకోండి. 10 వేల నుంచి లక్ష లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ అయితే, దాని హద్దు నుంచి నేరు దూరం 2 కిలోమీటర్లు దాటిన సాగుభూమికి మూలధన లాభం పన్ను లేదు. లోపలుంటే ఉంది. ఉంటే ఆ సొమ్ము తీసిపెట్టాకే పై లెక్కలన్నీ.

డివిడెండ్ మీకు మామూలు ఆదాయం కింద లెక్క. మీ మొత్తం ఆదాయానికి పన్ను పడదు. కానీ ఒక కంపెనీ ఏడాదిలో రూ.10 వేలు దాటి ఇస్తే పది శాతం టీడీఎస్, అంటే సొమ్ము ఇచ్చేముందే పట్టుకునే పన్ను, కోస్తుంది. నాలుగు కంపెనీల్లో చిన్న మొత్తాలే కాబట్టి ఇప్పట్లో ఆ గొడవ రాదు. పోస్టాఫీసు వడ్డీ మాత్రం లక్ష దాటుతోంది, పెద్దవాళ్లకు టీడీఎస్ హద్దు ఆ లక్షే. కాబట్టి 60 దాటినవాళ్లు ఇచ్చే డిక్లరేషన్, ఇన్నాళ్లూ 15హెచ్ అంటూ వచ్చినది, ఏటా ఏప్రిల్ మొదటి వారంలోనే ఇచ్చెయ్యండి. డీమ్యాట్‌కి ఏ బ్యాంకు ఖాతా ఇస్తారో అది మూసెయ్యకండి. ఏడేళ్లు వరసగా డివిడెండ్ అందుకోకపోతే ఆ సొమ్ముతోపాటు షేర్లు కూడా కేంద్రం నడిపే నిధికి వెళ్లిపోతాయి. మళ్లీ తెచ్చుకోవచ్చు గానీ నెలల తరబడి తిరగాలి.